కౌన్సెలింగ్ అంటే మందలింపు కాదు

తెలుగునాట ‘కౌన్సెలింగ్’ అన్న మాటకు ఇప్పటికే రెండు అర్థాలు స్థిరపడిపోయాయి. మొదటిది ఈఏపీసెట్‌లో ర్యాంకు తెచ్చుకున్న పిల్లలకు సీట్లు కేటాయించే ప్రక్రియ. ఉపాధ్యాయుల బదిలీలకు కూడా అదే మాట వాడుతున్నాం. రెండవది పోలీసు స్టేషనులో జరిగేది. తాగి బండి నడిపినవారికి, ఆకతాయి కుర్రకారుకు, పాత రౌడీషీటర్లకు ‘పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు’ అన్న వార్త పత్రికల్లో మనం తరచు చదువుతూనే ఉంటాం. తల్లిదండ్రులను పిలిపించి, వారి ఎదుట గట్టిగా మందలించి, ఇంకెప్పుడూ చెయ్యనని ఒప్పించుకొని వదిలిపెట్టడమే అక్కడ ఆ మాటకు అర్థం.

మూడవ అర్థం ఒకటుంది. మనసు కుంగిన మనిషి చెప్పుకొనేదాన్ని, అందుకు శిక్షణ పొందిన మరొకరు తీర్పు చెప్పకుండా, బయటికి పొక్కనివ్వకుండా, ఓపికగా విని, దారి వెదుక్కోవడానికి తోడ్పడడం. వైద్యశాస్త్రం గుర్తించే అర్థం ఇదొక్కటే. విచారించవలసిన సంగతి ఏమిటంటే, మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఈ మూడవ అర్థం ఇంకా వేళ్ళూనుకోలేదు. అక్కడ విద్యార్థులకు ఎదురయ్యే కౌన్సెలింగ్‌లో మొదటి రెండు అర్థాల ఛాయలే ఎక్కువ. సీట్ల కేటాయింపులాగా కాగితం మీద ఒక ఖాళీ నింపడం ఒకటి, ‘బాగా చదువుకో, అమ్మానాన్నల కష్టం గుర్తుంచుకో’ అని బుద్ధి చెప్పి పంపడం రెండవది.

విద్యార్థులు కౌన్సెలింగ్ కేంద్రాలకు రావడం లేదు, సిగ్గుపడుతున్నారు, సమాజంలో అపోహలున్నాయి అని అధికారులు తరచు అంటుంటారు. అపోహలున్న మాట నిజమే. అయితే ప్రశ్నను తిప్పి అడగాలని నా అభిప్రాయం. ఇప్పుడున్న తీరులో ఆ గదికి విద్యార్థి ఎందుకు రావాలి? వస్తే అతనికి దొరికేదేమిటి? కౌన్సెలింగ్‌ను విశ్వవిద్యాలయాలు ఒక కార్యక్రమంగా చూస్తున్నాయి. అది నిజానికి ఒక ఆరోగ్య సేవ. ఆరోగ్య సేవకు ఉండవలసిన హంగులు, అంటే శాశ్వత సిబ్బంది, గోప్యత, వేళాపాళా, పైస్థాయి వైద్యానికి పంపే మార్గం, తిరిగి వచ్చినప్పుడు పరామర్శ, ఇవన్నీ ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

వైద్యుడు ఎందుకు మాట్లాడాలి?

మానసిక రుగ్మతల్లో ఎక్కువ భాగం పాతికేళ్ళ లోపే మొదలవుతాయని ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. దిగులు వ్యాధి, తీవ్రమైన ఆందోళన, స్కిజోఫ్రీనియా వంటివి తొలిసారి తలెత్తే వయసు, మన పిల్లలు ఇల్లు విడిచి హాస్టలులో చేరే వయసు దాదాపు ఒకటే. ఇంట్లో ఉన్నప్పుడు పిల్లవాడు అన్నం సరిగా తినకపోతే తల్లి గమనిస్తుంది. రాత్రంతా మేలుకొని ఉంటే తండ్రి అడుగుతాడు. హాస్టలులో ఆ గమనించే కళ్ళు ఉండవు. వాటి స్థానాన్ని కొంతైనా భర్తీ చేయవలసింది సంస్థే.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు, అంటే రోజుకు సగటున 35 మందికి పైగా. బడిపిల్లలు, ఇంటర్మీడియట్ విద్యార్థులు కూడా ఈ లెక్కలో ఉన్నారు. ఇవి పోలీసుల దగ్గర నమోదైనవి మాత్రమే. ఏ ఆత్మహత్యకూ ఒకే కారణం ఉండదు. మార్కులు, ప్రేమ, అప్పు అని ఒక్క మాటలో తేల్చేసే వార్తలు నిజంలో ఒక ముక్కను మాత్రమే చెబుతాయి. చికిత్సతో నయం కాగల జబ్బు కూడా ఆ కారణాల్లో తరచు ఉంటుంది. అందుకే ఇది వైద్యుడు మాట్లాడవలసిన విషయం.

జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో జరిపింది. సాధారణ మానసిక రుగ్మతలున్నవారిలో సుమారు 85 శాతానికి చికిత్స అందడం లేదని ఆ సర్వే తేల్చింది. విద్యార్థి ఉన్న చోటికే సేవను తీసుకుపోవడం ఈ అగాధాన్ని పూడ్చే మార్గాల్లో ముఖ్యమైనది. వేలమంది యువకులు ఒకే ఆవరణలో నివసించే విశ్వవిద్యాలయం కంటే ఇందుకు అనువైన చోటు ఏముంటుంది?

నియమాలకు కొదవ లేదు

మన దేశంలో ఈ విషయమై నియమాలు లేవని ఎవరూ అనలేరు. విద్యార్థుల భద్రతపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2015లో మార్గదర్శకాలిచ్చింది. ప్రతి సంస్థలోను కౌన్సెలింగ్ వ్యవస్థ ఉండాలనీ, పాతికమంది విద్యార్థులకొక ఉపాధ్యాయునికి శిక్షణ ఇచ్చి ఆ బాధ్యత అప్పగించాలనీ అందులో చెప్పింది. విద్యార్థుల శారీరక, మానసిక ఆరోగ్యం మీద 2023లో మరికొన్ని మార్గదర్శకాలు వచ్చాయి.

2025లో సుప్రీంకోర్టు రెండుసార్లు ఈ విషయంలో కలుగజేసుకొంది. ఆ ఏడాది మార్చిలో, ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల ఆత్మహత్యల నివారణకు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని నియమించింది. జూలైలో మరొక తీర్పు ఇచ్చింది. ఇది మనకు మరీ దగ్గరి విషయం, ఎందుకంటే విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ మరణించిన పదిహేడేళ్ళ విద్యార్థిని కేసులో వచ్చిన తీర్పు ఇది. మానసిక ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెబుతూ, న్యాయస్థానం 15 మార్గదర్శకాలను జారీచేసింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోను అర్హత గల కౌన్సెలరు, సైకాలజిస్టు లేదా సామాజిక కార్యకర్త కనీసం ఒకరుండాలన్నది వాటిలో ఒకటి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలనీ, సహాయ ఫోన్ నంబర్లను హాస్టళ్ళలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలనీ కూడా చెప్పింది.

ఇవన్నీ స్వాగతించదగ్గవే. అయితే నియమాన్ని అమలు చేశామని చూపించుకోవడానికి మన సంస్థలకు ఒక సులువైన పద్ధతి అలవడింది. ఒక ఉత్తర్వు తీస్తారు. ఒక ఆచార్యుణ్ణి సమన్వయకర్తగా నియమిస్తారు. ఒక గదికి బోర్డు తగిలిస్తారు. అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం జరిపి ఛాయాచిత్రాలు తీయిస్తారు. న్యాక్ బృందం వచ్చినప్పుడు ఆ ఫైలు బల్ల మీదికి వస్తుంది. మిగతా రోజుల్లో ఆ గది తాళం ఎవరి దగ్గరుందో అటెండరుకు తప్ప మరొకరికి తెలియదు. తూతూ మంత్రపు ఏర్పాటు ఏర్పాటు లేకపోవడం కంటే ప్రమాదకరం. కష్టంలో ఉన్న విద్యార్థి ధైర్యం చేసి ఒకసారి వచ్చి, మూసిన తలుపు చూసి వెనుదిరిగితే రెండవసారి రాడు.

ఒక చిన్న లెక్క

‘కనీసం ఒకరు’ అన్న నియమాన్ని లెక్కవేసి చూద్దాం. న్యాయస్థానం విద్యార్థుల సంఖ్యకు తగినంతమంది కౌన్సెలర్లుండాలని కూడా చెప్పింది కాని, ఆ సంఖ్య ఎంతో అంకెల్లో చెప్పలేదు. అందువల్ల వందమందికీ ఒకరే, పదివేలమందికీ ఒకరే అన్న అర్థం తీయడానికి సంస్థలకు వీలు చిక్కింది.

ఒక ప్రాంగణంలో 8,000 మంది విద్యార్థులున్నారనుకొందాం. ఏడాదిలో ఇరవైమందికి ఒకరు మాత్రమే సహాయం కోరి వస్తారనుకొన్నా 400 మంది. ఒక్కొక్కరికి అయిదుసార్లు మాట్లాడవలసి వస్తే మొత్తం 2,000 సమావేశాలు. ఒక్కో సమావేశానికి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. తరువాత వివరాలు రాసుకోవాలి, అవసరమైతే వైద్యునితో సంప్రదించాలి. ఈ పని శ్రద్ధగా చేసేవారు రోజుకు అయిదుగురిని మించి చూడలేరు. సెలవులు పోను ఏడాదికి 200 పనిదినాలు అనుకుంటే 1,000 సమావేశాలు. అంటే వచ్చిన పనిలో సగం మిగిలిపోతుంది. అపోహలు తొలగించి, ప్రచారం చేసి, ఇరవైమందికి ఒకరికి బదులు పదిమందికి ఒకరు వచ్చేలా చేశామంటే మిగిలిపోయేది ముప్పాతిక భాగం అవుతుంది. సిబ్బంది పెరగకుండా అవగాహన పెంచితే వరుస మాత్రమే పెరుగుతుంది.

విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రాలకు గుర్తింపునిచ్చే ఒక అంతర్జాతీయ సంస్థ అమెరికాలో ఉంది. అది 1,000 నుంచి 1,500 మంది విద్యార్థులకు ఒక పూర్తికాలపు నిపుణుడు ఉండాలని సూచిస్తుంది. ఆ లెక్కన మన 8,000 మందికి కనీసం అయిదారుగురు కావాలి. ఒక్కసారిగా అంతమందిని నియమించమని నేననను. కాని ఎంతమంది కావాలో ముందు ఒప్పుకోవాలి. ఒకరిని వేసి పని పూర్తయిందనుకోవడం తగదు.

ఆ కుర్చీలో కూర్చునేదెవరు?

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయడానికి భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చదివి, అందులో నమోదు చేసుకోవాలి. కౌన్సెలరు అనిపించుకోవడానికి అటువంటి కట్టుబాటు ఇన్నాళ్ళూ లేదు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఈ వృత్తులను నమోదు పరిధిలోకి తెచ్చింది కాని, ఆ ఏర్పాటు ఇంకా పూర్తిగా క్షేత్రస్థాయికి రాలేదు. అందువల్ల మూడునెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఉన్నవారు, మనస్తత్వశాస్త్రంలో పీజీ చేసి ఆసుపత్రిలో శిక్షణ పొందినవారు ఒకే బోర్డు కింద కూర్చోవచ్చు.

అర్హత ఒక సమస్య అయితే, ఉద్యోగ స్వరూపం అంతకు మించిన సమస్య. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో బోధన పోస్టులే పెద్దసంఖ్యలో ఖాళీగా ఉండి, కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులతో నెట్టుకొస్తున్నారన్నది అందరికీ తెలిసిందే. కౌన్సెలరు పోస్టు ఆ వరుసలో చిట్టచివరిది. పదకొండు నెలల కాంట్రాక్టు, సమయానికి రాని జీతం, ఏ విభాగానికీ చెందని హోదా. మంచి అభ్యర్థి వస్తే ఏడాది తిరక్కుండా ప్రైవేటు ఆసుపత్రికో కార్పొరేటు సంస్థకో వెళ్ళిపోతాడు. అతని మీద కొంత నమ్మకం పెంచుకొన్న విద్యార్థి మళ్ళీ మొదటినుంచి మరొక అపరిచితునికి తన కథ చెప్పుకోవాలి. ఎముక విరిగినవాడికి కట్టుకట్టిన వైద్యుడు మారినా పెద్ద నష్టం లేదు. మానసిక చికిత్సలో మాత్రం చికిత్సకుడు, రోగి మధ్య ఏర్పడే నమ్మకమే మందులో సగం.

ఉపాధ్యాయులు ఈ పని చేయకూడదని నా అభిప్రాయం కాదు. పాతికమందికి ఒక ఉపాధ్యాయుడు అన్న ఆలోచన మంచిదే. తరగతికి రావడం మానినవాణ్ణి, ఒక్కసారిగా మౌనం వహించినవాణ్ణి మొదట గుర్తించగలిగేది ఉపాధ్యాయుడే. అయితే గుర్తించడం వేరు, చికిత్స చేయడం వేరు. ఊళ్ళో ఆశా కార్యకర్త క్షయవ్యాధి లక్షణాలు గుర్తించి ఆసుపత్రికి తీసుకొస్తుంది. మందులు తానే రాయదు. ఉపాధ్యాయుని పాత్ర కూడా అటువంటిదే కావాలి.

రహస్యం నిలవని చోట మనసు విప్పరు

నా సర్వీసులో కొంతకాలం ఒక విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రానికి వారానికి రెండు పూటలు వెళ్ళి విద్యార్థులను చూసేవాణ్ణి. అక్కడ కౌన్సెలింగ్ గదిని పరిపాలనా భవనంలో, క్రమశిక్షణ వ్యవహారాలు చూసే అధికారి గది పక్కనే పెట్టారు. ఆ వరండాలో కూర్చున్న విద్యార్థిని చూసిన ప్రతివారూ ‘ఏం గొడవ చేశావ్?’ అని అడిగేవారు. ఏడాదిపాటు ఆ గదికి వచ్చినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అదే కాలంలో, అదే ప్రాంగణంలో, తలనొప్పి, నిద్రలేమి, గుండెదడ అంటూ నా దగ్గరికి వచ్చినవారికి లెక్కలేదు. విద్యార్థులు సహాయం కోరడానికి సిద్ధంగానే ఉన్నారు, తమను ఎవరూ వేలెత్తి చూపని తలుపు కోసం వెతుక్కున్నారంతే.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షను రోగి వివరాలను గోప్యంగా ఉంచే బాధ్యతను ఆరోగ్య వృత్తినిపుణుల మీద పెట్టింది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఇతరులకు హాని జరగవచ్చనుకున్నప్పుడు, న్యాయస్థానం ఆదేశించినప్పుడు వంటి కొద్ది సందర్భాలకే మినహాయింపు ఉంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు కూడా దాన్ని తప్పించడానికి అవసరమైనంతవరకే చెప్పాలి. కాని అదనపు బాధ్యతగా ఈ పని చూసే ఆచార్యుడు ఆరోగ్య వృత్తినిపుణుడు కాడు. ఉదయం కౌన్సెలరుగా విన్న మనిషే మధ్యాహ్నం ఇంటర్నల్ మార్కులు వేస్తాడు, సాయంత్రం హాస్టలు వార్డెనుగా హాజరు తీసుకుంటాడు. పరిశోధక విద్యార్థి విషయంలో మరీ కష్టం. తన గైడు వేధిస్తున్నాడని, గైడు పక్క గదిలో కూర్చునే సహాధ్యాపకునికి ఎవరు చెబుతారు?

మన ట్రిపుల్ ఐటీల విషయంలో మరొక చిక్కు ఉంది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో ప్రాంగణాలు వెలిశాయి. శ్రీకాకుళం, ఒంగోలు తరువాత వచ్చాయి. పదవ తరగతి కాగానే, ఎక్కువగా గ్రామాలనుంచి, ప్రభుత్వ బడులనుంచి వచ్చిన పిల్లలు ఆరేళ్ళు అక్కడే ఉండి చదువుతారు. పేరుకు విశ్వవిద్యాలయం, చేరేవారు మాత్రం పదిహేను, పదహారేళ్ళ పిల్లలు. మైనర్ల చికిత్సలో తల్లిదండ్రులకు చట్టం స్థానం కల్పించింది. ఏది తల్లిదండ్రులకు చెప్పాలి, ఏది పిల్లవాని గోప్యతగా కాపాడాలి అన్నది ఒక్కో సందర్భంలో ఆలోచించి తీసుకోవలసిన నిర్ణయం. ఇరవైరెండేళ్ళవారికి సరిపోయే పద్ధతి ఇక్కడ సరిపోదు. కిశోరవయస్కులతో పనిచేసే శిక్షణ ఉన్నవారు ఇటువంటి చోట తప్పనిసరి.

తలనొప్పిగా వచ్చే దిగులు

మన పిల్లలు ‘నాకు డిప్రెషన్’ అంటూ రావడం ఈమధ్య పట్టణాల్లో కొంత మొదలైంది. పల్లెనుంచి వచ్చినవారి బాధ ఎక్కువగా శరీరం ద్వారానే బయటపడుతుంది. తల బరువు, కడుపులో మంట, కాళ్ళూచేతులూ లాగడం, ‘నరాల బలహీనత’, ఛాతీలో పట్టేసినట్టుండడం. కోస్తావారు ‘బెంగగా ఉందండీ’ అంటారు. తెలంగాణవారు ‘రంది పట్టుకున్నది సార్’ అంటారు. ఇంగ్లీషులో చదువుకొని, ఇంగ్లీషు ప్రశ్నపత్రాలతో శిక్షణ పొందిన కౌన్సెలరుకు ఈ మాటల బరువు తెలియాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చి, తరగతిలో ఇంగ్లీషు అర్థంకాక కుంగిపోతున్న విద్యార్థి తన కుంగుబాటును కూడా ఇంగ్లీషులోనే చెప్పుకోవలసి వస్తే అంతకంటే వింత ఉండదు.

అందుకే ప్రాంగణంలోని డిస్పెన్సరీని ఈ సేవకు మొదటి ద్వారం చేయాలని నా సూచన. జ్వరానికీ, దగ్గుకూ వచ్చినట్టే అక్కడికి ఎవరైనా రావచ్చు; ఎవరూ వేలెత్తి చూపరు. దానికి మరొక వైద్యపరమైన కారణం కూడా ఉంది. దిగులుగా, నీరసంగా కనిపించే ప్రతిదీ మనోవ్యాధి కాదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం వంటివి అదే రూపంలో కనిపించవచ్చు. ముందు పరీక్ష చేయాలి. అవి కావని తేలినప్పుడు, గత రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా, మనసు దిగులుగా, నిరాశగా ఉందా అన్న రెండు ప్రశ్నలు అడగడానికి రెండు నిమిషాలు చాలు. జవాబు అవునంటే మరింత లోతుగా అడగాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని కూడా నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదని పరిశోధనలు తేల్చాయి. అడిగినప్పుడు వారి ముఖంలో కనిపించేది చాలాసార్లు ఉపశమనమే.

సాయంత్రం అయిదు తరువాత

ఆసుపత్రిలో క్యాజువాలిటీ సాయంత్రం అయిదింటికి మూసేస్తామంటే ఎవరైనా ఒప్పుకుంటారా? మనసుకు సంబంధించిన అత్యవసర పరిస్థితులు ఎక్కువగా రాత్రిపూట, సెలవు రోజుల్లో, ఫలితాలు వచ్చిన పూట, అందరూ పండుగకు ఊరెళ్ళాక హాస్టలులో ఒంటరిగా మిగిలినప్పుడు తలెత్తుతాయి. కౌన్సెలింగ్ కేంద్రం వేళలు మాత్రం పది నుంచి అయిదు వరకు. అవే తరగతుల వేళలు కూడా.

ఈ లోటును కొంతవరకు తీర్చడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇది మంచి సేవ. కాని ఫోన్‌లో మాట్లాడిన వ్యక్తి హాస్టలుకు వచ్చి ఆ రాత్రి పక్కన కూర్చోలేడు. ప్రతి హాస్టలులోను రాత్రిపూట అందుబాటులో ఉండే, ఇటువంటి సమయంలో ఏంచేయాలో నేర్చుకున్న మనిషి ఒకరుండాలి. కష్టంలో ఉన్నవారిని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి చేర్చడానికి ఒక వాహనం, ఒక ఫోన్ నంబరు, తెలిసిన ఒక వైద్యుడు ఉండాలి.

ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన తరువాతి కాలం గురించి ఎవరూ ఆలోచించరు. మానసిక చికిత్స పొంది ఇంటికి వచ్చిన తొలి వారాలు, నెలలు అత్యంత జాగ్రత్తగా చూడవలసిన సమయమని వైద్యశాస్త్రం చెబుతోంది. దిగులు వ్యాధికి ఇచ్చే మందులు గుణం చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పాతికేళ్ళ లోపువారిలో మందు మొదలుపెట్టిన తొలిరోజుల్లో మరింత గమనించాలి. మన సంస్థలు సాధారణంగా చేసేదేమిటంటే, తల్లిదండ్రులను పిలిపించి, పిల్లవాణ్ణి ఇంటికి పంపించి, ‘పూర్తిగా బాగుపడ్డాక తీసుకురండి’ అని కాగితం మీద సంతకం పెట్టించుకోవడం. దీనివల్ల సంస్థకు బాధ్యత తప్పుతుంది. విద్యార్థికి మాత్రం సెమిస్టరు పోతుంది, హాజరు పోతుంది, స్నేహితులు దూరమవుతారు. ఈ సంగతి తెలిసిన తోటి విద్యార్థులు తమ బాధ బయటపెట్టరు. ఇంటికి వెళ్ళడం చికిత్సలో భాగం కావచ్చు, వైద్యుడు చెబితే. పంపేసే ఉత్తర్వు చికిత్స కాదు.

ఆత్మహత్యాయత్నం నేరమన్న భయం కూడా ఇంకా పోలేదు. 2017 చట్టంలోని 115వ సెక్షను, అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలే తప్ప శిక్షించరాదని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేనేలేదు. ఈ సంగతి వార్డెన్లకు, భద్రతా సిబ్బందికి, విద్యార్థులకు చెప్పవలసిన అవసరం ఎంతైనా ఉంది.

కౌన్సెలింగ్‌తో తీరనివి

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని సర్టిఫికెట్లు ఆపేస్తే కలిగే దిగులుకు మందు బకాయిలు రావడమే. మెస్సు బిల్లు కట్టలేక పూట మానేసినవాడికి ధ్యానం నేర్పడం అన్యాయం. కులం పేరుతో, ఊరి యాస పేరుతో ఎగతాళికి గురయ్యే విద్యార్థికి ‘పట్టించుకోకు’ అని చెప్పడం ఆ ఎగతాళికి పరోక్షంగా మద్దతు పలకడమే. ఇటువంటి చోట కౌన్సెలింగ్ అన్యాయం మీద కప్పే దుప్పటి అవుతుంది.

కలరా సోకినవారికి సెలైన్ ఎక్కిస్తూ, కలుషితమైన బావి సంగతి పట్టించుకోకపోతే అది వైద్యం కాదు. కౌన్సెలింగ్ కేంద్రానికి కూడా బావి సంగతి చెప్పే అధికారం ఉండాలి. పేర్లు బయటపెట్టకుండా, ఏ విభాగంనుంచి, ఏ హాస్టలునుంచి, ఏ కారణంతో ఎంతమంది వస్తున్నారో సెమిస్టరుకొకసారి ఉపకులపతికి నేరుగా నివేదిక వెళ్ళాలి. ఒకే గైడు దగ్గర పరిశోధన చేస్తున్నవారు వరుసగా కుంగిపోతుంటే సమస్య ఆ విద్యార్థుల మెదడులో లేదని గ్రహించడానికి నిపుణులు అక్కరలేదు.

డబ్బెక్కడిది, మనుషులెక్కడివి?

ఈ ప్రశ్న న్యాయమైనదే. జీతాలకే నిధులు వెతుక్కుంటున్న విశ్వవిద్యాలయాలు అయిదారుగురు నిపుణులను ఎక్కడినుంచి తెస్తాయి? మానసిక వైద్య నిపుణుల కొరత దేశమంతటా ఉన్నదే కదా అనవచ్చు.

ఒక్కసారి మన రెండు రాష్ట్రాల పటం చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న విశాఖపట్నంలోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఉస్మానియా ఉన్న హైదరాబాదులోనే ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. కాకతీయ ఉన్న వరంగల్లులో ఎం.జి.ఎం. ఆసుపత్రి, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున్న తిరుపతిలో రుయా ఆసుపత్రి, కాకినాడ జె.ఎన్.టి.యు.కు పక్కనే రంగరాయ వైద్య కళాశాల, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయంతోపాటు ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. రెండూ ప్రభుత్వానివే, రెండూ ఒకే ఊళ్ళో. అయినా ఈ రెంటి మధ్య రాతపూర్వకమైన అనుబంధం ఎక్కడెక్కడ ఉందో చూస్తే నిరాశే మిగులుతుంది. వారానికి రెండు పూటలు మానసిక వైద్య విభాగంనుంచి ఒక వైద్యుడు విశ్వవిద్యాలయ డిస్పెన్సరీకి రావడానికి, అక్కడినుంచి పంపిన విద్యార్థిని ఓపీ వరుసలో నిలబెట్టకుండా చూడడానికి కొత్త భవనం అక్కరలేదు. వైద్యశాఖ, ఉన్నత విద్యాశాఖ కలిసి ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ప్రాంగణంలో ఉండవలసిన పూర్తికాలపు కౌన్సెలరు పోస్టులు మాత్రం మంజూరు చేయక తప్పదు. వాటికి ప్రత్యామ్నాయం లేదు.

‘మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా? మేం చదువుకోలేదా?’ అని నా వయసువారు అడుగుతుంటారు. మన రోజుల్లో గుండెపోటు వచ్చినవారికి స్టెంట్లు కూడా లేవు. చాలామంది పోయారు. చదువు మధ్యలో మానేసి ఊరికి వెళ్ళిపోయి, ‘మతి చలించింది’ అనిపించుకొని అరుగుమీద జీవితం వెళ్ళదీసిన మేధావులు మన ఊళ్ళలో ఒకరిద్దరైనా లేరా? వారి లెక్క ఎవరూ రాయలేదు.

తల్లిదండ్రులు అడగవలసినవి

పాఠకులలో చాలామంది ఇళ్ళలో ఈ వయసు పిల్లలుంటారు. సీటు వచ్చినప్పుడు ప్లేస్‌మెంట్లు ఎంత, హాస్టలు ఫీజు ఎంత అని అడుగుతాం. మరికొన్ని ప్రశ్నలు కూడా అడగండి. ఇక్కడ పూర్తికాలపు కౌన్సెలరు ఉన్నారా, వారి అర్హత ఏమిటి? వారు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులా, వేరే ఉద్యోగులా? గది ఎక్కడ, వేళలు ఏమిటి? అర్ధరాత్రి అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి? జబ్బుచేసి కొంతకాలం చదువు ఆపవలసి వస్తే తిరిగి చేరడానికి నియమం ఏమిటి? పదిమంది తండ్రులు ఒకే రోజు అడిగితే, సమాధానం లేని సంస్థ సమాధానం వెతుక్కుంటుంది.

ఇంట్లో మరొకటి. పిల్లవాడు ఫోన్ చేసి ‘నాకిక్కడ ఉండాలనిపించడం లేదు’ అన్నప్పుడు వెంటనే పక్కింటివారి అబ్బాయి గురించి చెప్పకండి. ‘ఏమైంది, చెప్పు, వింటున్నాను’ అనండి. నిద్ర, తిండి, స్నానం, స్నేహితులు, ఈ నాలుగూ ఎలా ఉన్నాయో అడగండి. రెండు వారాలకు మించి ఇవి చెదిరి ఉంటే డాక్టరుకు చూపించండి. చనిపోవాలనిపిస్తోందని అంటే, లేదా అటువంటి సూచన వస్తే, దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకండి. ఫోన్ పెట్టేయకుండా, పక్కన ఎవరైనా ఉండేలా చూసి, వెంటనే బయల్దేరి వెళ్ళండి. ఈలోగా 14416కు మీరు కూడా ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

ఇది చదువుతున్న విద్యార్థులకు ఒక మాట. మీ ప్రాంగణంలో ఆ గది మూసి ఉంటే, అది మీ సమస్య చిన్నదన్నదానికి గుర్తు కాదు. డిస్పెన్సరీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఊళ్ళోని ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్ళండి, 14416కు ఫోన్ చేయండి. ఒక చోట సరిగా వినకపోతే మరొక చోట చెప్పండి. ఆ తరువాత, కాస్త కోలుకున్నాక, ఆ గది ఎందుకు మూసి ఉందో మీ ఉపకులపతికి ఒక లేఖ రాయండి. ఫీజు కట్టి చదువుకునేవారు లైబ్రరీ ఎందుకు తెరవలేదని అడిగినట్టే, దీన్ని కూడా అడగవచ్చు.